ముందు రాయి తిప్పి చూడండి: తీర్థన్ లోయ, ట్రౌట్ చేప, ఒక తీరికైన మధ్యాహ్నం

(హైదరాబాద్‌లో జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒకటి అడుగుతాను, మొహమాటపడకుండా చేతులెత్తండి. మీలో చిన్నప్పుడు గాలం వేసినవాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు, సంతోషం. చెరువు దగ్గరా, కాలవ దగ్గరా? వెనక కూర్చున్న పెద్దాయన "కాలవే" అంటున్నారు. కాలవంటే గోదావరి జిల్లాలే అయ్యుంటాయి. అవునంటున్నారు. అయితే నేను ఇవాళ చెప్పబోయేదాంట్లో సగం మీకు తెలిసిందే. తెలియని సగం కోసం మాత్రం కొంచెం చల్లటి చోటికి వెళ్లాలి.

మన గాలం ఎట్లా ఉంటుంది? ఒక వెదురు కర్ర, దానికి దారం, దారానికి బెండు, కింద కాస్త సీసం, చివర ముల్లు, ముల్లుకి వానపామో, తడిపిన పిండి ముద్దో. నీళ్లలో వేస్తాం, బెండు వైపు చూస్తూ కూర్చుంటాం. బెండు మునిగితే లాగుతాం. ఎర బరువుగా ఉంటుంది కాబట్టి విసిరితే అది ముందు పోతుంది, దారం దాని వెనక పోతుంది. ఇంతేనా? ఇంతే.

ఫ్లై ఫిషింగ్‌లో ఇదంతా తలకిందులు. అక్కడ ఎర అంటే ఈకలతో కట్టిన ఒక చిన్న పురుగు, దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువు ఉండదు. ఉఫ్ అని ఊదితే ఎగిరిపోతుంది. బరువు లేనిదాన్ని ముప్ఫై నలభై అడుగుల దూరం ఎట్లా విసురుతారు? విసరరు. బరువంతా దారంలో పెట్టారు. ఆ దారం లావుగా, ప్లాస్టిక్ పూతతో ఉంటుంది. కర్రను వెనక్కి ఊపితే దారం మీ వీపు వెనక గాలిలో బారుగా సాగాలి. పూర్తిగా సాగిందాకా ఆగాలి. ఆగి, అప్పుడు ముందుకి ఊపాలి. కర్ర వంగి ఆ బరువును మోసుకుని ముందుకి నెడుతుంది. దారం గాలిలో మెలి తిరుగుతూ విచ్చుకుంటుంది, దాని చివర తొమ్మిది అడుగుల సన్నటి నైలాన్ ఉంటుంది, ఆ నైలాన్ చివర మన ఈకల పురుగు. అది నీళ్ల మీద చప్పుడు లేకుండా దిగాలి. నేర్చుకునేవాళ్లకి చేయి తిప్పడం తొందరగానే వస్తుంది. ఆ వెనక ఆగడం ఉంది చూశారా, అది రావడానికి టైము పడుతుంది.

ఆ పురుగు సంగతి కూడా చెప్పనివ్వండి. ఇదిగో, నా చేతిలో ఉంది. వెనక వరసలకి కనపడదు, తర్వాత దగ్గరికొచ్చి చూద్దురు గాని. మొత్తం సెంటీమీటరు పొడవు లేదు. ముల్లు కాడకి సిల్కు దారం చుట్టి, కుందేలు బొచ్చు పులిమి, దాని మీద పుంజు మెడ ఈకను గుండ్రంగా తిప్పి కట్టారు. ఆ ఈక పోగులు నీటి మీద కాళ్లు ఆనించి నిలబడతాయి, అందుకే ఇది మునగదు. ఈ ఈక రంగు చూడండి, ఎర్రటి గోధుమ రంగు. మన డేగ పుంజు మెడ మీద ఉంటుందే, అదే. మన దేశపు పుంజుల మెడ తోళ్లను విదేశాల్లో ఫ్లైలు కట్టుకునేవాళ్లు "ఇండియన్ కేప్" అని అడిగి మరీ కొనుక్కుంటారు. సంక్రాంతి కోళ్ల రంగులన్నీ పేర్లు పెట్టి పిలిచే మనవాళ్లకి ఈ విద్య చప్పున అబ్బుతుందని నా నమ్మకం. నిజంగానే అంటున్నాను.

ఇప్పుడు ఊరు. ఢిల్లీ నుంచి మనాలి వెళ్లే రోడ్డు మీద మండి దాటాక ఔట్ అని వస్తుంది. అక్కడ మూడు కిలోమీటర్ల సొరంగం. మనాలి బస్సులన్నీ ఆ సొరంగంలో దూరిపోతాయి. దూరకుండా పక్కకి తిరిగితే లార్జీ, ఆ తర్వాత బంజార్ వైపు రోడ్డు. ఆ రోడ్డు పక్కనే ఒక ఏరు వస్తూ ఉంటుంది, దాని పేరు తీర్థన్. పైన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు మంచుకొండల్లో పుట్టి, గుశైనీ ఊరి మీదుగా దిగి, లార్జీ దగ్గర బియాస్‌లో కలుస్తుంది. 2014లో యునెస్కో ఆ పార్కుకి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. ఈ హాల్లో మనాలి చూసినవాళ్లు కనీసం సగం మంది ఉంటారు. ఆ సొరంగం దగ్గర పక్కకి తిరిగినవాళ్లు ఎంతమంది? ఇద్దరు. పర్వాలేదు.

ట్రౌట్ మన చేప కాదు. ఇది ముందే చెప్పాలి. ఇంగ్లీషువాళ్లు తమకి ఇష్టమైన వేట ఇక్కడా కావాలని, ఓడల మీద, ఆ తర్వాత కొండదారుల మీద గుడ్లు మోయించి తెప్పించుకున్న చేప. కశ్మీర్‌కి మొదట తెచ్చిన గుడ్లు దారిలోనే పోయాయి. 1900లో స్కాట్లండ్ నుంచి తెచ్చినవి బతికాయి. అక్కడి నుంచి 1909 నాటికి కులూ వచ్చాయి, బియాస్‌లోకీ దాని ఉపనదుల్లోకీ వదిలారు. దక్షిణాదిన నీలగిరుల్లో, మున్నార్ కొండల్లో కూడా ట్రౌట్ పెంచారు, అయితే అక్కడిది రెయిన్‌బో ట్రౌట్. తీర్థన్‌లో సొంతంగా గుడ్లు పెట్టుకుని తరాలుగా బతుకుతున్నది బ్రౌన్ ట్రౌట్.

మరి గోదావరిలో ఎందుకు వదల్లేదు, కృష్ణలో ఎందుకు వదల్లేదు? ఎవరైనా చెప్తారా? వేడి. వేడి అన్నది సగం జవాబు. నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర పది డిగ్రీల నీళ్లు లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. అవే నీళ్లు ముప్ఫై డిగ్రీలకి చేరితే ఏడున్నర మిల్లీగ్రాములే. వేడి నీళ్లలో చేప ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. మన కొర్రమీను నోరు పైకి పెట్టి గాలి పీల్చుకుని బతికేస్తుంది. ట్రౌట్‌కి ఆ సదుపాయం లేదు. ఇరవై డిగ్రీలు దాటితే మేత మానేస్తుంది, ఇంకా పెరిగితే చచ్చిపోతుంది. అందుకని ట్రౌట్ ఉందంటే ఆ నీళ్లు చల్లగా ఉన్నాయనీ, పారుతున్నాయనీ, శుభ్రంగా ఉన్నాయనీ మీరు నమ్మొచ్చు. నన్ను ఆ లోయకి లాక్కెళ్లింది ఇదే. నేను జువాలజీ పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. బోర్డు మీద ఎన్నోసార్లు రాసిన విషయాన్ని మోకాలి లోతు నీళ్లలో నిలబడి తెలుసుకోవడం వేరు.

రాయి కింద

ఒక మధ్యాహ్నం గురించి చెప్తాను. అక్టోబరు నెల. ఎందుకు అక్టోబరు అంటే, మే, జూన్‌లలో మంచు కరిగి నీళ్లు పాలిపోయిన రంగులో ఉధృతంగా వస్తాయి, జూలై, ఆగస్టులలో వానలకి బురద. సెప్టెంబరు దాటాక ఏరు సన్నబడి, తేటబడుతుంది. అడుగున ఒక్కో గులకరాయి కనిపిస్తుంది. నాతోపాటు ఆ ఊరి పెద్దాయన ఒకాయన వచ్చారు. ఆ ఏటి పక్కనే పుట్టి పెరిగినవారు, వేటకి వచ్చినవాళ్లకి దారి చూపిస్తుంటారు. భోజనాలు చేసి, రెండింటికి ఏట్లోకి దిగాం. ఎండ నేరుగా నీళ్ల మీద పడుతోంది. ఎంత చూసినా ఒక్క చేప లేదు.

నేను కర్ర బిగించుకుంటున్నాను. ఆయన కర్ర జోలికే పోలేదు. ప్యాంటు పైకి మడుచుకుని, పళ్లెమంత రాయి ఒకటి రెండు చేతులతో ఎత్తి, తిప్పి, నా ముందు పెట్టారు. "దేఖియే సాబ్" అన్నారు, అంతే.

ఆ రాయిని మీరు కూడా నాతోపాటు చూడాలి. పై వైపు నున్నగా, కాస్త పాచి పట్టి జారుడుగా ఉంది. కింది వైపు తడిగా, చీకటి రంగులో ఉంది. మొదట ఏమీ కనపడదు. ఒక్క క్షణం ఓపిక పడితే ఆ రాయి ఉపరితలం కదులుతుంది. చదునుగా రాతికి అంటుకుపోయిన పురుగు ఒకటి పక్కకి పాకుతుంది, వెడల్పాటి తల, వెనక మూడు తోకలు. పొట్టకి రెండు వైపులా పలచటి రేకులు, అవి దాని మొప్పలు. గాలి తగలగానే అవి రాతికి అతుక్కుపోతాయి. అది మేఫ్లై పిల్ల. దాని పక్కనే ఇంకొంచెం పెద్దది, రెండే తోకలు, కాళ్లకి గోళ్లు. అది స్టోన్‌ఫ్లై. ఇంకా అంచున బియ్యపు గింజంత ఇసుక గొట్టాలు వరసగా అతికించి ఉన్నాయి. గొట్టం లోంచి నల్లటి తల బయటికొచ్చి, మళ్లీ లోపలికి పోతుంది. అది కాడిస్. నోటి నుంచి పట్టు తీసి, ఇసుక రేణువు పక్కన ఇసుక రేణువు పేర్చి తన ఇల్లు తానే కట్టుకుంటుంది. ఆ రేణువులన్నీ ఒకే సైజువి ఏరుకుంటుంది. ఎవరు నేర్పారు దానికి?

ట్రౌట్ తినేది వీటినే. ఎక్కువ భాగం నీళ్ల అడుగునే, ఇవి రాయి నుంచి జారి కొట్టుకొస్తుంటే తింటుంది. మనం పైన చూసి మురిసిపోయే దృశ్యం, చేప పైకొచ్చి పురుగును అందుకోవడం, అది రోజులో ఏ కాస్సేపో జరుగుతుంది. మేఫ్లై చాలా జాతుల్లో ఏడాది పాటు రాయి కింద బతికి, ఒక రోజున నీటి పైకి తేలి, చర్మం విప్పి, రెక్కలతో లేస్తుంది. రెక్కలు వచ్చాక మళ్లీ ఇంకోసారి కుబుసం విడిచే పురుగు ప్రపంచంలో ఇదొక్కటే. పెద్దయ్యాక దాని నోరు పని చెయ్యదు, తినదు, తాగదు. జత కట్టడం, గుడ్లు పెట్టడం, పోవడం. ఒక రోజు, మహా అయితే రెండు. అవి ఒక్కసారిగా లేచినప్పుడు చూడాలి, తొలకరి వానకి మన ఇళ్ల దీపాల చుట్టూ ఉసుళ్లు కమ్ముకున్నట్టు కమ్ముకుంటాయి. అప్పుడు ఏట్లో ఉన్న ప్రతి చేపా నోరు పైకి పెడుతుంది.

ఆ రాయిని ఆయన ఎట్లా పెట్టారో కూడా చెప్పాలి. ఎత్తిన చోటే, ఎత్తిన వైపే, అదే గుంటలో నెమ్మదిగా దించారు. తలకిందులుగా పడేస్తే కింది పురుగులు ఎండకి, ప్రవాహానికి గురవుతాయి. ట్రౌట్ గురించి నాకు ఇష్టమైన పాఠం ఇదే. మీకు ఇంకేమీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి: ఏటి ఒడ్డుకి వెళ్తే మొదటి అరగంట కర్ర తీయకండి. రాయి తిప్పి చూడండి. ఆ రాయి కింద ఏమీ లేకపోతే పైన మీ ఈకల పెట్టెలో ఎంత అందమైన ఫ్లై ఉన్నా దండగ.

ఆ తర్వాత రెండు గంటలు ఏమీ జరగలేదు. నిజంగానే ఏమీ జరగలేదు. వేటకి వచ్చి ఏమీ జరగని రెండు గంటలు ఎట్లా గడుస్తాయని మీరు అడగొచ్చు. ఒడ్డున ఆల్డర్ చెట్టు నీడలో ఒక బండ మీద కూర్చున్నాం. బ్రౌన్ డిప్పర్ అనే గోధుమ రంగు పిట్ట ఒకటి మా ఎదురుగా రాయి మీద వాలి, వంగి లేచి, వంగి లేచి, నీళ్లలోకి నడుచుకుంటూ వెళ్లిపోయింది. అవును, నడుచుకుంటూనే. అడుగున రాళ్ల మధ్య వెతుక్కుని, ముక్కున పురుగు పట్టుకుని ఇంకో చోట తేలింది. చేప తినేదే అదీ తింటుంది. అది తిరిగే చోట మేత ఉందన్నమాట.

అక్కడ కూర్చుని నీళ్లు చూడటం మొదలుపెడితే, ఏరంతా ఒకటే వేగంతో పారడం లేదని తెలుస్తుంది. మధ్యలో నురగతో ఉరికే నీళ్లు, పక్కన నెమ్మది నీళ్లు, ఈ రెండూ రాసుకునే చోట ఒక సన్నటి గీత. నురగ బుడగలు ఆ గీత వెంటే వెళ్తుంటాయి. బుడగలు వెళ్లే దారినే పురుగులూ వెళ్తాయి. ట్రౌట్ ఎక్కడుంటుంది? వేగంగా పోయే నీళ్లలో ఈదుతూ నిలబడితే తిన్నదంతా ఖర్చయిపోతుంది. అందుకని నెమ్మది నీళ్లలో, రాయి వెనకో రాయి ముందరో, ప్రవాహానికి ఎదురుగా తల పెట్టుకుని నిలబడి, పక్కన వేగంగా పోయే నీళ్లలో ఏదైనా వస్తే ఒక్క అడుగు పక్కకి జరిగి అందుకుని మళ్లీ తన చోటికి వస్తుంది. తక్కువ కష్టం, ఎక్కువ తిండి. పెద్ద చేపకి మంచి చోటు. ఇదంతా ఎక్కడా రాసి పెట్టి ఉండదు, ఆ గీతను చూసి మనమే తెలుసుకోవాలి.

ఇంకొక విషయం, చేప మనల్ని ఎట్లా చూస్తుంది? వెలుతురు నీటిలోకి వస్తూ వంగుతుంది. అందువల్ల నీటి కింద ఉన్న చేపకి పై ప్రపంచమంతా తల మీద ఉన్న ఒక గుండ్రటి కిటికీలోనే కనిపిస్తుంది. ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. దాని బయట నీటి పైకప్పు అద్దంగా మారి, ఏటి అడుగునే చూపిస్తుంది. ఒడ్డున నిటారుగా నిలబడ్డ మనిషి ఆ కిటికీ అంచున దొరికిపోతాడు, బాగా కిందికి వంగినవాడు దాదాపు కనపడడు. పైగా దాని తల ఎగువకి కదా. అందుకే దిగువ నుంచి, వెనక నుంచి, వంగి వెళ్తారు. ఆ రోజు పెద్దాయన దాదాపు మోకాళ్ల మీదే నడిచారు. ఆ వయసులో, ఆ రాళ్ల మీద.

నాలుగు కాకముందే కొండ నీడ ఏటి సగం దాకా వచ్చింది. అక్టోబరులో ఆ లోయలో సూర్యుడు తొందరగా వెళ్లిపోతాడు. నీడ పడ్డ వైపు, నేను చెప్పిన గీత వెంట, నీటి మీద ఒక చిన్న వలయం లేచింది. వాన చినుకు పడితే లేచేంత. మళ్లీ అక్కడే ఇంకొకటి. పెద్దాయన నా మోచేయి తాకారు. చప్పుడు చెయ్యలేదు. గాలిలో గోధుమ రంగు రెక్కలు గుడారం మడిచినట్టు పెట్టుకున్న పురుగులు గంతులేస్తున్నాయి. కాడిస్. రాయి అంచున గొట్టాల్లో చూశామే, ఇంతకు ముందు వాటిలోనే ఉండి, రెక్కలొచ్చి లేచినవి. పెట్టెలోంచి లేడి వెంట్రుకలతో కట్టిన కాడిస్ ఫ్లై తీశాను.

ఇక్కడ అసలు టెన్షన్ మొదలవుతుంది. ఫ్లై పడింది, చేప ఉన్న చోటికి మీటరు ఎగువన. బాగానే పడింది. కానీ మధ్యలో వేగంగా పోయే నీళ్ల మీద నా దారం ఉంది. ఆ నీళ్లు దారాన్ని లాగాయి, దారం ఫ్లైని లాగింది, నీటి మీద సన్నటి గీత గీస్తూ అది పక్కకి పోయింది. అసలు పురుగు ఎప్పుడూ అట్లా పోదు. చేప పైకి వచ్చి, చూసి, దిగిపోయింది. దీన్నే డ్రాగ్ అంటారు. ట్రౌట్ ఫ్లైని వద్దనుకుందంటే చాలాసార్లు కారణం రంగు కాదు, సైజు కాదు, ఈ లాగుడే. దీనికి మందు ఒకటే, దారం నీళ్ల మీద పడ్డ వెంటనే కర్ర కొనతో దాన్ని ఎత్తి ఎగువకి వెయ్యాలి. అప్పుడు రెండు మూడు సెకన్లు ఫ్లై నీళ్లతోపాటు తనంతట తాను పోతుంది. ఈ విద్య అంతా ఆ రెండు మూడు సెకన్ల కోసమే.

కాసేపటికి తీసుకుంది. బెండు మునగడం కాదు, ఒక మూతి పైకి వచ్చి, ఫ్లై లేదు. కర్ర ఎత్తగానే బరువు తెలిసింది. ఎంతోసేపు ఆడించకూడదు, అలసిపోయిన చేప వదిలినా బతకదు. గబగబా దగ్గరికి తెచ్చి, చేతులు తడుపుకుని, నీళ్లలోనే పట్టుకున్నాను. పొడి చెయ్యి తగిలితే దాని ఒంటి మీది జిగురు పొర పోతుంది, ఆ పొర పోతే బూజు పడుతుంది. నా జానెడు కన్నా కొంచెం ఎక్కువ పొడవు. వీపు ఆలివ్ రంగు, పొట్ట వెన్న రంగు, పక్కల మీద నల్ల చుక్కలు, వాటి మధ్య ఎర్ర చుక్కలు, ఒక్కో ఎర్ర చుక్క చుట్టూ లేత నీలం అంచు. వీపు మీద తోకకి దగ్గరగా చిన్న కండ రెక్క ఒకటి, ముళ్లు లేనిది. ముల్లుకి కొక్కెం పన్ను, అంటే చేప జారిపోకుండా వెనక్కి వంచిన చిన్న కొన, లేదు కాబట్టి వేలితో తిప్పగానే ఊడిపోయింది. తల ఎగువకి తిప్పి పట్టుకున్నాను. మొప్పలు ఆడాయి. వెళ్లిపోయింది.

పట్టి వదలడం, ఇంకా కొన్ని సంగతులు

ముందు వరసలో ఒక అమ్మాయి తల అడ్డంగా ఊపుతోంది. అడుగుదామనుకుంటున్నదేమిటో నాకు అర్థమైంది. తినడానికి కాకపోతే దాన్ని బాధపెట్టడం ఎందుకు? న్యాయమైన ప్రశ్న. చేపకి బాధ లేదని నేను చెప్పను. ముల్లు గుచ్చుకుంటే అది పెనుగులాడుతుంది, దాని ఒంట్లో ఒత్తిడి పెరుగుతుంది, ఇవి కొలిచి చూసినవే. నేను నాకు పెట్టుకున్న హద్దులు చెప్తాను. కొక్కెం పన్ను లేని ముల్లు వాడతాను. నీళ్లు వేడెక్కిన రోజున వెయ్యను. ఒకటి రెండు చేపలు దొరికాక కర్ర మడిచేస్తాను. అడవి బ్రౌన్ ట్రౌట్‌ను తినను, వదిలేస్తాను. తినాలనిపిస్తే అక్కడ ఫారాల్లో పెంచే రెయిన్‌బో ట్రౌట్ కొనుక్కుంటాను. కులూ దగ్గర పట్లీకుహల్‌లో నార్వే సాయంతో ఆ పెంపకం నిలదొక్కుకుంది, ఇప్పుడు ఎన్నో రైతు కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. ఇంత చెప్పినా మీకు నచ్చకపోతే, మీ మాటను నేను గౌరవిస్తాను. కర్ర లేకుండా కూడా రాయి తిప్పి చూడొచ్చు.

ఒక హద్దు మాత్రం ఎవరికీ మినహాయింపు లేనిది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ వేట బంద్. అది బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం. ఆడచేప పక్కకి వాలి, తోకతో గులకరాళ్లను కొట్టి గుంట చేస్తుంది, గుడ్లు పెట్టాక మళ్లీ రాళ్లు కప్పేస్తుంది. ఆ చల్లటి నీళ్లలో గుడ్లు పొదగడానికి నెలలు పడుతుంది. గులకరాళ్ల మధ్యలోంచి తేట నీళ్లు పారుతూ ఉంటేనే గుడ్లకి ఊపిరి. పైన ఎక్కడో రోడ్డు తవ్విన మట్టి ఏట్లో పోస్తే, ఆ మెత్తటి ఒండ్రు ఆ సందుల్ని మూసేస్తుంది. గుడ్లు అక్కడే పోతాయి. ఎవరికీ కనపడదు, చచ్చిన చేప ఒక్కటి కూడా తేలదు. హిమాలయాల్లో రోడ్ల పనులు చూసినప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది ఈ గుడ్లే.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పకుండా ఈ ఊళ్లో ఆ లోయ గురించి మాట్లాడటం నాకు చేతకాదు. తీర్థన్ లార్జీ దగ్గర బియాస్‌లో కలుస్తుందన్నాను. అక్కడే 126 మెగావాట్ల ప్రాజెక్టు, దానికొక డ్యామ్. 2014 జూన్ 8 సాయంత్రం ఆ డ్యామ్‌కి దిగువన, థలౌట్ దగ్గర, విహారయాత్రకి వెళ్లిన మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఫొటోలు దిగడానికి బండల మీదికి వెళ్లారు. పైనుంచి నీళ్లు వదిలారు. 24 మంది పిల్లలు, వాళ్లతో వచ్చిన ఒకాయన కొట్టుకుపోయారు. ఈ హాల్లో ఆ కుటుంబాలని ఎరిగినవాళ్లు ఉండి ఉంటారు. నేను అటు వెళ్లినప్పుడల్లా ఆ మలుపు దగ్గర కారు ఆపుతాను.

నీళ్లలో దిగే ప్రతి మనిషికీ నేను నేర్పేది దీని తర్వాతే మొదలవుతుంది. డ్యామ్ కింద ఉన్న నదిలో దిగొద్దు, ఎండాకాలమైనా సరే, నీళ్లు పాదం లోతే ఉన్నా సరే. మామూలు ఏట్లో దిగేటప్పుడు కూడా ఒడ్డున ఒక రాయిని గుర్తు పెట్టుకోండి, సగం తడిసి సగం పొడిగా ఉన్నది. ఆ పొడి భాగం తగ్గుతుంటే, నీళ్ల రంగు మారుతుంటే, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే, ఉన్నవి ఉన్నచోట వదిలేసి గట్టెక్కండి. పైన ఎక్కడో కుండపోత వాన పడుతున్నా మీ నెత్తిన ఎండ కాస్తూనే ఉంటుంది. 2023 జూలైలో కులూ జిల్లాని వరదలు ఎట్లా ఊడ్చేశాయో టీవీల్లో చూశారు కదా.

తీర్థన్ ఇంకా పారుతోందంటే దాని వెనక మనుషులున్నారు. ఆ ఏటి మీద కూడా వరసగా జలవిద్యుత్ ప్రాజెక్టులు కట్టాలనుకున్నారు. లోయ జనం ఒప్పుకోలేదు. బంజార్ మాజీ ఎమ్మెల్యే దిలే రామ్ శబాబ్ ముందుండి, హైకోర్టు దాకా వెళ్లి పోరాడారు. ప్రాజెక్టులు ఆగాయి. ఆ వాదనలో ట్రౌట్ కూడా ఒక కారణంగా నిలబడింది. ఇంగ్లీషువాళ్లు సరదాకి తెచ్చిన చేప, వందేళ్ల తర్వాత ఒక ఏరుని కాపాడటానికి పనికొచ్చింది.

అయినా దీనికి రెండో వైపు ఉంది, అది దాచి మాట్లాడితే జువాలజీ చదువుకున్న ప్రయోజనం ఏముంది? ట్రౌట్ రాకముందు ఆ నీళ్లు ఖాళీగా లేవు. స్నో ట్రౌట్ అనే చేప ఉంది. పేరులో ట్రౌట్ ఉన్నా దానికీ దీనికీ చుట్టరికం లేదు, మన బొచ్చె, రాగండి చేపల వంశానిది. అక్కడివాళ్లు అస్లా అంటారు. దాని నోరు తల కింద ఉంటుంది, రాళ్ల మీది పాచి గీక్కుని తింటుంది. బ్రౌన్ ట్రౌట్ దాని పిల్లల్ని తింటుంది, చల్లటి మంచి చోట్లు ఆక్రమిస్తుంది. ఇప్పుడు ట్రౌట్‌ను తీసేయమంటే ఎవరి తరమూ కాదు, లోయలో ఎంతోమంది బతుకు దాని మీద ఉంది. కానీ కొత్త ఏరుల్లోకి, ఇప్పటిదాకా ట్రౌట్ చేరని చిన్న వాగుల్లోకి, పిల్లల్ని తీసుకెళ్లి వదలడం ఆపాలి. ఇది నా గట్టి అభిప్రాయం. కొన్ని వాగులు అస్లాకే వదిలెయ్యాలి. వేటగాళ్లమే ఈ మాట ముందు అనాలి, ఎందుకంటే ఆ ఏరుల్లో ఎక్కువసేపు నిలబడేది మనమే.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. మార్చి చివరి నుంచి మే మొదటి వారాల దాకా, మళ్లీ సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు ఆఖరు దాకా నీళ్లు బాగుంటాయి. హిమాచల్ మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి. రోజుకి ఎన్ని పట్టొచ్చు, ఎంత పొడవుంటే ఉంచుకోవచ్చు అన్న నిబంధనలు తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి. ఊరివాళ్లలో ఒకరిని తోడు పెట్టుకోండి, వాళ్లకి కూలి గిట్టుబాటుగా ఇవ్వండి. నాలుగో నంబరు దారం బరువుకి తగ్గ కర్ర, ఎనిమిదిన్నర అడుగులది, ఆ ఏటికి సరిపోతుంది. చెప్పులతో దిగొద్దు, అడుగున గుడ్డ అట్ట ఉన్న బూట్లు కావాలి, ఆ రాళ్లు అంత జారుతాయి.

నా ఫ్లైల పెట్టె ఈ టేబుల్ మీద తెరిచి పెడుతున్నాను. పక్కన ఒక గాజు సీసాలో కాడిస్ ఖాళీ గొట్టాలు ఉన్నాయి, భూతద్దం కూడా తెచ్చాను. పిల్లల్ని ముందు రానివ్వండి. గొట్టాలు ముట్టుకుంటే పొడైపోతాయి, చూడండి చాలు. ఫ్లైలు మాత్రం చేతిలోకి తీసుకోవచ్చు, ముల్లు కొన జాగ్రత్త. కాలవలో గాలం వేసిన పెద్దాయనా, మీరు కూడా రండి, మీ దగ్గర నేను అడగాల్సినవి ఉన్నాయి.